వెనక్కి తిప్పి చూడండి: పాత కార్ల స్టీరింగులు, వాటి వెల

అందరికీ నమస్కారం. పాత కార్ల మీద మాట్లాడేవాళ్లు మామూలుగా ఇంజన్ దగ్గర మొదలుపెడతారు. నేను ఈ పూట డ్రైవర్ సీటు దాటి ముందుకు వెళ్లను, స్టీరింగ్ దగ్గరే ఉండిపోతాను. 1950ల నాటి ఇటలీ కారు కొనగలిగినవాళ్లు ఈ హాల్లో ఎందరున్నారో నాకు తెలియదు. ఆ కారు స్టీరింగ్ కొని గోడకి తగిలించుకోగలిగినవాళ్లు మాత్రం చాలామందే ఉంటారు. ఇంట్లోవాళ్లు కూడా దానికి మరీ పెద్ద గొడవ చెయ్యరు.

ఎవరైనా పాత స్టీరింగ్ తెచ్చి "సార్, ఇదెంత పలుకుతుంది?" అని అడిగితే నేను చేసే మొదటి పని దాన్ని తిరగెయ్యడం. ముందువైపు అమ్మేవాడి సొత్తు, పాలిష్ అంతా అక్కడే కొడతాడు. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఏ కారుకి చేశారు అన్నవి వెనకవైపే రాసి ఉంటాయి. ఈ మూడూ తేలేదాకా మిగతా మాటలన్నీ బేరం మాటలే.

కొంచెం చరిత్ర చెప్పి అసలు విషయంలోకి వస్తాను. తొలినాటి కార్లకి స్టీరింగ్ చక్రమే లేదు, పడవ చుక్కానిలా ఒక కర్ర ఉండేది. 1894లో పారిస్ నుంచి రువాన్ దాకా జరిగిన పోటీకి ఆల్ఫ్రెడ్ వషెరాన్ తన పానార్ కారుకి చక్రం బిగించుకుని వచ్చాడు. నాలుగేళ్లలో పానార్ కంపెనీ దాన్నే తన కార్లన్నిటికీ పెట్టేసింది. అప్పటి స్టీరింగ్ కారు తిప్పడానికి మాత్రమే కాదు. ఇంజన్‌లో నిప్పురవ్వ కాస్త ముందుగా పడాలా ఆలస్యంగా పడాలా అన్నది కూడా దాని మధ్యలో ఉండే చిన్న లీవర్లతోనే సర్దేవారు. ఆ లీవరుతో రవ్వని ఆలస్యం చెయ్యకుండా హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేస్తే, ఇంజన్ ఎదురు తన్ని మణికట్టు విరిగేది. మన చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది కదా, ఈసారి వెళ్లినప్పుడు దాని పసుపు రంగు చూసి ఊరుకోకుండా స్టీరింగ్ వైపు కూడా ఓసారి తొంగిచూడండి. ఆ కాలపు స్టీరింగ్ అమ్మకానికి వచ్చిందంటే చక్రం కంటే ముందు లీవర్లు, వాటి కింద ఉండే పళ్ల పట్టీ ఉన్నాయో లేదో చూసుకోవాలి. చక్రం మళ్లీ చేయించుకోవచ్చు. ఆ పట్టీ దొరకడం కష్టం.

ఇక పదార్థం. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే మోసపోయేది ఇక్కడే. 1920ల నుంచి 1950ల దాకా చాలా స్టీరింగులకి లోపల ఇనప చట్రం, పైన గట్టి రబ్బరో, సెల్యులాయిడ్, సెల్యులోజ్ ఎసిటేట్ అనే పాతకాలపు ప్లాస్టిక్కులో తొడుగు. ఇంగ్లండులో కోవెంట్రీ దగ్గర ఉండే బ్లూమెల్స్, జర్మనీలో అషాఫెన్‌బుర్గ్‌లోని పెట్రి లాంటి కంపెనీలు కార్ల కంపెనీలకి వీటిని చేసి ఇచ్చేవి. ఏళ్లు గడిచేకొద్దీ ప్లాస్టిక్ కుంచించుకుపోతుంది, ఇనుము కుంచించుకుపోదు. అందుకే పాత స్టీరింగ్‌కి స్పోకు రిమ్ముని కలిసే చోట బీటలు పడతాయి. మన ఎండల్లో ఆరుబయట పడున్న కారుకి ఇంకా తొందరగా పడతాయి. బీట ఉండటం తప్పేమీ కాదు. డెబ్భై ఏళ్ల స్టీరింగ్‌కి ఒక్క బీటా లేదంటేనే నాకు టెన్షన్ మొదలవుతుంది. లప్పం పెట్టి రంగేశారా, లేక మొన్న పోత పోసిన నకలా?

పదార్థం ఏదో పట్టుకోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. వెనకవైపు, రంగు లేని చోట, బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూడండి. కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడ్, దాని తయారీలో కర్పూరం కలుపుతారు. పుల్లటి వెనిగర్ వాసన వస్తే ఎసిటేట్, అది విడిపోవడం మొదలైందని కూడా అర్థం. కర్పూరం వాసన వచ్చినదాన్ని మాత్రం నిప్పుకి దూరంగా పెట్టండి. సూది కాల్చి గుచ్చి చూడమని కొందరు సలహా ఇస్తుంటారు. సెల్యులాయిడ్ భగ్గుమని అంటుకునే సరుకు, ఆ సలహా వినొద్దు.

చెక్క స్టీరింగుల సంగతికొస్తే, అందరి నోటా వినిపించే పేరు నార్డి. ఎన్రికో నార్డి స్వయంగా రేసర్, ఇంజనీరు కూడా. ఫెరారీ తన పేరుతో కార్లు చెయ్యకముందు తయారుచేసిన ఆటో ఆవియో 815 కారులో, 1940లో ఇటలీ రోడ్డు రేసు మిల్లె మిలియాకి డ్రైవర్ రంగోనితో కలిసి దిగినవాడు. 1950ల ఫెరారీ 250 మోడల్ కార్లలో ఆయన చేసిన చెక్క స్టీరింగులు కనిపిస్తాయి. ఆయన 1966లో పోయాడు కానీ పేరు పోలేదు. అదే రూపంలో నార్డి స్టీరింగులు ఆ తర్వాతా తయారవుతూ వచ్చాయి, కొత్తవి ఇప్పటికీ కొనుక్కోవచ్చు. చిక్కంతా అక్కడే. స్పోకు మీద నార్డి సంతకం ఉన్నంత మాత్రాన అది 1958 నాటిదైపోదు. 1990లలో కొన్నదాన్ని కాస్త అరగదీసి "ఫెరారీ నుంచి తీసిందండీ" అని చెప్పేవాళ్లుంటారు.

అరుగుదల అబద్ధం ఆడలేదు, చూసేవాడికి ఓపిక ఉండాలంతే. ఎడమవైపు స్టీరింగ్ ఉండే ఇటలీ కారులో కుడి చెయ్యి గేరు మీదకి పోతూ వస్తూ ఉంటుంది, ఎడమ చెయ్యి రిమ్ముని వదలదు. కాబట్టి వార్నిష్ ఎడమవైపు ఎక్కువ పోవాలి. మన కార్లలోనూ ఇంగ్లండ్ కార్లలోనూ ఇది తిరగబడుతుంది. చుట్టూ ఒకేలా అరిగి ఉంటే అది చేతులు చేసిన పని కాదు, గరుకు కాగితం చేసిన పని. ఇంగ్లండులో 1950ల చివర్లో మొదలైన మోటో-లీటా లాంటివాటిలో చెక్కని అల్యూమినియం చట్రానికి రివెట్లతో బిగిస్తారు. రివెట్ల చుట్టూ పాత మైనం, మురికి పేరుకుని ఉంటే నాకు సంతోషం. చాలామంది దాన్ని చూడగానే బ్రష్ పెట్టి కడిగేస్తారు.

ఇటలీవే మోమో స్టీరింగులు. 1964లో జాన్ సర్టీస్ ఫెరారీ నడిపి ప్రపంచ చాంపియన్ అయిన ఏడాదే జాన్‌పియెరో మోరెట్టి ఈ కంపెనీ పెట్టాడు. సేకరణ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది మోమోయే. చాలావాటికి స్పోకు వెనక నెల, సంవత్సరం గుద్ది ఉంటాయి. జర్మనీ రవాణా శాఖ ఆమోదం ఉన్నవాటికి కేబీఏ అనే అక్షరాలు, వాటి పక్కన ఒక నంబరు కూడా ఉంటాయి. 1985 స్టీరింగ్‌ని 1975 కారుదని చెబితే ఇట్టే పట్టుకోవచ్చు. పోర్షే వాళ్లవి ఇంకో రకం. పార్ట్ నంబరు ముక్కలు ముక్కలుగా ఉంటుంది, రెండో ముక్క 347 అయితే అది స్టీరింగ్ తరగతి. ఒక్క జాగ్రత్త: పార్ట్ నంబరు చెప్పేది డిజైన్ ఏదని, తయారైన తేదీని కాదు. ఒకే నంబరు మీద ఏళ్ల తరబడి తయారుచేస్తారు.

రంధ్రాలు కూడా కొలవండి. నార్డికి ఆరు బోల్టులు, అవి 74 మిల్లీమీటర్ల వృత్తం మీద ఉంటాయి. మోమోకీ ఆరే, కానీ వృత్తం 70 మిల్లీమీటర్లు. నార్డి అని అమ్ముతున్నదాని మీద 70 వస్తే ప్రశ్నలు అడగాలి. రెండు రకాల రంధ్రాలూ తవ్వేసి ఉంటే బేరం సగానికి దించాలి. స్టీరింగ్‌కీ, దాని కింద ఉండే కడ్డీకీ (కాలమ్ అంటారు) మధ్య బిగించే ముక్క, అంటే బాస్, కూడా దొరికిందా లేదా అన్నది వేరే లెక్క. ఆ కారు కాలమ్ పళ్లకి సరిపడే అసలు బాస్, మధ్యలోని హారన్ బటన్ లేకపోతే స్టీరింగ్ ఉండీ ఉపయోగం లేదు. కొన్ని కార్లకి హారన్ బటన్ ఒక్కటే స్టీరింగ్ కంటే ఎక్కువ ధరకి పోతుంది. వింటే నవ్వొస్తుంది, కానీ మార్కెట్ అలాగే ఉంది.

ఇప్పుడు వెల. అరుదైనదంతా ఖరీదైనది అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. 1954లో వచ్చిన మెర్సిడెస్ 300 ఎస్ఎల్ గల్‌వింగ్‌ని తీసుకోండి. తలుపులు పైకి తెరుచుకుంటాయి, గడప ఎత్తు, లోపలికి దిగాలంటే స్టీరింగ్ అడ్డం. అందుకని చక్రం కిందకి వాలేలా చేశారు. ఆ స్టీరింగ్ కావాల్సిన యజమాని దగ్గర కోట్ల విలువైన కారు ఉంటుంది, అడిగినంతా ఇస్తాడు. మరి మన దేశంలో హిందుస్థాన్ మోటార్స్ చేసిన తొలినాటి ల్యాండ్‌మాస్టర్ స్టీరింగ్, బీటల్లేకుండా, హారన్‌తో సహా దొరకడం దానికంటే తేలికేమీ కాదు. కానీ కావాలనేవాళ్లు పదిమంది కూడా ఎదురుపడరు. అంటే స్టీరింగ్ వెల అది బిగించాల్సిన కారు వెల వెంట నడుస్తుంది. దాన్ని మీరు నమ్మకంగా ఆ కారుతో ముడిపెట్టగలిగితేనే ఆ వెల మీకొస్తుంది. ఫలానా కారు నుంచి తీసిందని పాత ఫొటో, సర్వీస్ బిల్లు, యజమాని ఉత్తరం ఏదున్నా పాలిష్ కంటే విలువైనది. ధర తెలుసుకోవాలంటే అమ్మేవాళ్లు అడుగుతున్న ధరలు చూడొద్దు, అడగడానికి డబ్బులు కావు. వేలంలో అమ్ముడైన ధరలే చూడండి.

ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు. అమెరికాలో ఉన్న మనవాళ్లు అక్టోబర్‌లో పెన్సిల్వేనియాలోని హర్షీలో జరిగే పాత కార్ల సంతకి వెళ్లండి. ఇంగ్లండులో ఉంటే సెప్టెంబర్‌లో జరిగే బ్యూలీ ఆటోజంబుల్ అనే పాత భాగాల సంత, 1967 నుంచి సాగుతోంది. ఇక్కడైతే చెన్నై పుదుపేట, ముంబై చోర్ బజార్. మన తుక్కులో అమెరికా స్టీరింగులు ఎందుకు కనిపిస్తాయంటే, జనరల్ మోటార్స్ 1928 నుంచీ బొంబాయిలో షెవర్లేలు బిగించేది, 1947 నుంచి ప్రీమియర్ వాళ్లు కుర్లాలో డాడ్జ్, ప్లిమత్, డీసోటోలు బిగించారు. ఆ కార్లు తుక్కయినా వాటి భాగాలు షెడ్లలో మిగిలాయి. అంబాసడర్ మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కాబట్టి, దాని పాత భాగాల కోసం ఇంగ్లండులోని మోరిస్ అభిమానులనీ అడగొచ్చు. షాపులో కారు మీద నుంచి తీయిస్తుంటే పుల్లర్ అనే లాగే పరికరం పెట్టి తీయమనండి. సుత్తి తీసుకుంటే ఆపెయ్యండి, దెబ్బ కాలమ్ బేరింగుల మీద పడుతుంది.

దొరికాక బాగుచేయించాలా అన్నదానికి నా అభిప్రాయం కొందరికి నచ్చదు. నడిపే కారుకైతే బీటల్లో ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు నింపి, రుద్ది, రంగు వేయించండి, చేతికి గుచ్చుకోకూడదు కదా. దాచుకోవడానికో అమ్మడానికో అయితే తడిగుడ్డతో తుడిచి వదిలెయ్యండి. చెక్క మీద మందంగా పాలియురేథేన్ వార్నిష్ కొట్టించిన స్టీరింగ్‌ని నేను మామూలు ధరలో సగానికి కూడా కొనను. కొత్తగా మెరుస్తుంది నిజమే, కానీ ఇందాక చెప్పిన సాక్ష్యాలన్నీ ఆ పూత కింద సమాధి అయిపోతాయి.

రెండు జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారు మీద ఈ స్టీరింగులు ముచ్చటకి కూడా బిగించొద్దు, ఎయిర్‌బ్యాగ్ తీసేస్తే గానీ అవి పట్టవు. రెండోది, 1950కి ముందు కార్ల భాగాలు విదేశాలకి అమ్మాలనుకుంటే, ఎగుమతి లైసెన్సు సంగతి కేంద్ర విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ (డీజీఎఫ్‌టీ) నిబంధనల్లో తేల్చుకున్నాకే కొరియర్‌కి ఇవ్వండి. ఇంటి నుంచి స్టీరింగులు పట్టుకొచ్చినవాళ్లు ఇటు టేబుల్ దగ్గరకి రండి, ఒక్కొక్కటే తిరగేసి చూద్దాం.