ధనధాన్యం ఫోన్-ఇన్: కేంద్ర బ్యాంకుకు కర్బనంతో ఏం పని?

యాంకర్: హనుమకొండ నుంచి ఒకమ్మాయి లైన్లో ఉన్నారు. అడగండమ్మా.

కాలర్: నమస్తే మేడమ్. ఆర్‌బీఐ గ్రేడ్-బీ ఇంటర్వ్యూకి తయారవుతున్నాను. కేంద్ర బ్యాంకులు కర్బన తటస్థతకు, అంటే గాల్లోకి వదిలే కర్బనాన్ని, తొలగించే కర్బనాన్ని సమానం చేయడానికి, ఎందుకు మాటిస్తున్నాయని మాక్ ఇంటర్వ్యూలో అడిగారు. పర్యావరణాన్ని కాపాడటానికి అన్నాను. సార్ ఒప్పుకోలేదు. అప్పట్నుంచి ఒకటే టెన్షన్.

నిపుణురాలు: టెన్షన్ పడకు తల్లీ. నువ్వు చెప్పింది అటవీ శాఖ చెప్పాల్సిన జవాబు. కేంద్ర బ్యాంకు పని ధరల్ని అదుపులో ఉంచడం, బ్యాంకులు మునగకుండా చూడటం. తుపానుకు పొలం మునిగితే రైతుతో పాటు అప్పిచ్చిన బ్యాంకూ నష్టపోతుంది. ఇంకో ముప్పూ ఉంది. బొగ్గు విద్యుత్ కేంద్రానికి పాతికేళ్ల గడువుతో అప్పిచ్చారనుకో. కర్బనం తగ్గించాలని పదేళ్లకే దాన్ని మూసేయమంటే ఆ డబ్బు తిరిగొచ్చేదెలా?

కాలర్: ఇది మొదట ఎవరన్నారు మేడమ్?

నిపుణురాలు: గట్టిగా వినిపించింది మాత్రం మార్క్ కార్నీ. అప్పట్లో బ్రిటన్ కేంద్ర బ్యాంకైన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ గవర్నర్. 2015 సెప్టెంబరులో లండన్‌లో బీమా సంస్థల వాళ్లకు చెప్పాడు. వడ్డీ రేట్లు నిర్ణయించే ద్రవ్య విధానం చూసేది రెండు మూడేళ్ల ముందుకే, వాతావరణ నష్టమేమో ఆ తర్వాతెప్పుడో వచ్చి పడుతుంది, అప్పటికి చేయి దాటిపోతుందని. నాకైతే ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. 2017 డిసెంబరులో పారిస్‌లో ఎనిమిది కేంద్ర బ్యాంకులు, బ్యాంకుల పర్యవేక్షణ సంస్థలు కలిసి వాతావరణ ముప్పు మీద పనిచేయడానికి ఎన్‌జీఎఫ్‌ఎస్ అనే కూటమి కట్టాయి. మన ఆర్‌బీఐ 2021 ఏప్రిల్‌లో చేరింది.

కాలర్: అంటే భయమే కారణమా?

నిపుణురాలు: భయమొక్కటే చాలదమ్మా, చట్టం ఒప్పుకోవాలి. చాలామంది వదిలేసేది ఇక్కడే. 2021 మార్చిలో బ్రిటన్ ప్రభుత్వమే 2050 నాటికి నెట్ జీరో, అంటే నువ్వన్న కర్బన తటస్థత, సాధించాలన్న లక్ష్యాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ బాధ్యతల పత్రంలో రాసింది. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ 2020 డిసెంబరులో ఎన్‌జీఎఫ్‌ఎస్ కూటమిలో చేరి, కూటమి పని చట్టం తనకిచ్చిన పరిధి దాటిపోతోందంటూ 2025 జనవరిలో బయటికొచ్చింది.

కాలర్: మరి మన దేశం గురించి ఏం చెప్పాలి?

నిపుణురాలు: నెట్ జీరోకు మన దేశం పెట్టుకున్న లక్ష్యం 2070. ప్రభుత్వం తరఫున ఆర్‌బీఐ 2023 జనవరిలో తొలి హరిత బాండ్లు, అంటే పర్యావరణ హిత పనులకు అప్పు తెచ్చే పత్రాలు, వేలం వేసింది. ఆ ఏడాది జూలైలో టమాటా కిలో వంద దాటడం గుర్తుందా? ఎండలు, వానలు పంటను దెబ్బతీస్తే ధరలు పెరిగి, ఆ సెగ రెపో రేటు, అంటే ఆర్‌బీఐ బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ, చర్చ దాకా వెళ్తుంది. ఇంటర్వ్యూలో జవాబు టమాటా దగ్గరే మొదలుపెట్టు. వాతావరణ ముప్పు మీద 2022 జూలైలో ఆర్‌బీఐ తెచ్చిన చర్చా పత్రం ఈ రాత్రికే తీసి చదువు.

కాలర్: చదువుతాను మేడమ్. ఇంటర్వ్యూ వచ్చే నెలే.

నిపుణురాలు: అయితే టైముంది. అయ్యాక మళ్లీ ఫోన్ చెయ్యి.