“నువ్వెప్పుడు వెళ్ళిపోతావ్?” – ఇగ్లూలిక్ వేసవి క్యాంపు కబుర్లు

హోస్ట్: నమస్కారం అండీ. ఇవాళ మనతో ఒక కాకినాడ అమ్మాయి ఉంది, ఒట్టావాలో చదువుకుంటోంది. సెలవుల్లో తోటివాళ్ళంతా పార్ట్‌టైం ఉద్యోగాల వేటలో ఉంటే, ఈ అమ్మాయి కెనడా ఉత్తర కొసన ఉన్న నునావుట్ అనే ప్రాంతంలో ఇగ్లూలిక్ అనే ఊరికెళ్ళి పిల్లల క్యాంపులో వాలంటీర్‌గా పనిచేసొచ్చింది. ఎక్కడుందమ్మా ఆ ఊరు?

అతిథి: ఆర్కిటిక్ వలయానికి పైనన్నా, 69 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటాక. చిన్న దీవి. జనాభా రెండు వేల చిల్లర, దాదాపు అందరూ ఇనుయిట్‌లే, అంటే అక్కడి ఆదివాసులు. నునావుట్ 1999 ఏప్రిల్ 1న విడిగా ఏర్పడింది. విస్తీర్ణం చూస్తే ఇండియాలో మూడింట రెండొంతులకి దగ్గర. మనుషులేమో 2021 లెక్కల్లో 37 వేలు కూడా లేరు. 25 ఊళ్ళున్నాయి, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డు లేదు. ఎక్కడికెళ్ళాలన్నా విమానమే.

హోస్ట్: మరి సరుకులు?

అతిథి: వేసవిలో సముద్రం కరిగాక ఓడ వస్తుంది, మిగతా ఏడాదంతా విమానంలోనే. కొట్లో ధరలు చూస్తే కళ్ళు తిరుగుతాయి. నేల లోపల ఎప్పుడూ గడ్డకట్టే ఉంటుంది కాబట్టి పైపులు పాతలేరు. మంచినీళ్ళు ట్యాంకర్ తెచ్చి ఇంటింటికీ నింపుతుంది, మురుగు ఇంకో బండి తోడుకెళ్తుంది.

హోస్ట్: ట్యాంకర్ గురించి మనవాళ్ళకి చెప్పక్కర్లేదులే! (నవ్వు) క్యాంపు సంగతి చెప్పు.

అతిథి: మధ్యాహ్నం ఒంటిగంటకి మొదలు. పొద్దున్నే పెడితే ఒక్కరూ రారు. మే నెల సగం నుంచి జూలై దాకా అక్కడ సూర్యుడు అస్తమించడు కదా, పిల్లలు అర్ధరాత్రి రెండింటికి కూడా బయట బాస్కెట్‌బాల్ ఆడుతూ ఉంటారు. మేం పుస్తకాలు చదివించడం, బొమ్మలు గీయించడం, ఆటలు. ఆటలంటే నేను నేర్పినవి తక్కువ, నేర్చుకున్నవి ఎక్కువ. ఒకటి చెప్తా, చిన్న బంతిలాంటిది తాడుకి వేలాడదీస్తారు. రెండు కాళ్ళ మీద ఎగిరి, ఒక కాలితో దాన్ని తన్ని, మళ్ళీ అదే కాలి మీద దిగాలి. తలకన్నా ఎత్తులో ఉంటుంది! పన్నెండేళ్ళ పిల్ల అవలీలగా తన్నేసి, “ఇప్పుడు నువ్వు” అంది.

హోస్ట్: తన్నావా?

అతిథి: గాలిని తన్నానన్నా. ఊరంతా చెప్పుకున్నారు. (నవ్వు) ఇంకోటి, ఆడపిల్లలిద్దరు ఎదురెదురుగా నిలబడి, ఒకరి చేతులు ఒకరు పట్టుకుని గొంతులోంచి వింత ధ్వనులు తీస్తూ పాడతారు. ముందు ఎవరికి ఊపిరాడకపోతే, ఎవరికి నవ్వొస్తే వాళ్ళు ఓడినట్టు. మిషనరీలు దాన్ని చాలాకాలం అణిచేశారు. ఇప్పుడు చిన్నపిల్లలే మళ్ళీ పాడుతున్నారు.

హోస్ట్: నిన్ను చూసి మొదట ఏమడిగారు? ఇండియా గురించా?

అతిథి: కాదన్నా. పేరు అడిగారు, వెంటనే “నువ్వెప్పుడు వెళ్ళిపోతావ్?” అని. దాదాపు ప్రతి పిల్లా అదే. టీచర్లు, నర్సులు, పోలీసులు, చాలామంది కెనడా దక్షిణ ప్రాంతాల నుంచి వచ్చి ఏడాదో రెండేళ్ళో ఉండి వెళ్ళిపోయేవాళ్ళే. వచ్చినవాళ్ళు పోతారని పిల్లలకి అలవాటైపోయింది. నాకైతే ఆ ప్రశ్న ముందు వాలంటీరింగ్ అన్న మాటే కాస్త పెద్దదిగా అనిపించింది.

హోస్ట్: దీనికి వెనక చరిత్ర కూడా ఉంది కదా?

అతిథి: ఉంది. నునావుట్‌లోనే ఉన్న చెస్టర్‌ఫీల్డ్ ఇన్‌లెట్ అనే ఇంకో ఊళ్ళో 1955 నుంచి 1969 దాకా చర్చి హాస్టల్‌తో ఒక బడి నడిచింది. ఇగ్లూలిక్ పిల్లల్ని విమానమెక్కించి అక్కడికి తీసుకెళ్ళారు. నెలల తరబడి అమ్మానాన్నల మొహం చూడకుండా ఉన్నారు. అక్కడ పిల్లల మీద జరిగిన అత్యాచారాలు తర్వాత బయటికొచ్చాయి. ఆ పిల్లలే ఇప్పుడు మా క్యాంపు పిల్లల తాతలు, అమ్మమ్మలు. బయటివాళ్ళు వచ్చి “మీ పిల్లలకి చదువు చెప్తాం” అంటే వాళ్ళకి ఏం గుర్తొస్తుందో ఆలోచించండి.

హోస్ట్: అవును…

అతిథి: కానీ ఈ ఊరిది మామూలు పట్టుదల కాదన్నా. టీవీ పెడతామంటే 1975లో ఓటేసి వద్దన్నారు, 1979లో మళ్ళీ వద్దన్నారు. మా భాషలో ఏమీ లేకుండా ఇంగ్లీషు టీవీ మా ఇళ్ళలోకి ఎందుకని. ఇనుయిట్‌ల సొంత ప్రసారాలు మొదలయ్యే రోజులొచ్చాకే ఒప్పుకున్నారు. మన ఇళ్ళలో సీరియల్ టైముకి రిమోట్ లాక్కునే ధైర్యమే ఎవరికీ లేదు!

హోస్ట్: (నవ్వు) కుర్రాళ్ళ ఆత్మహత్యలు అక్కడ చాలా ఎక్కువని చదివాను. మాట్లాడొచ్చా?

అతిథి: మాట్లాడొచ్చు, మెల్లిగా. కెనడా సగటుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. దాదాపు ప్రతి కుటుంబంలో ఎవరో ఒకరిని పోగొట్టుకున్నారు. ఇగ్లూలిక్‌లో అలాంటి దుఃఖం తర్వాతే 1998లో ‘ఆర్ట్‌సిర్క్’ అని ఒక సర్కస్ బృందం పుట్టింది. ఊరి కుర్రాళ్ళే పల్టీలు, గారడీలు నేర్చుకుని, డప్పు పాటలు కలిపి ప్రదర్శనలిచ్చారు. బయటి దేశాలకీ వెళ్ళారు. ఒక వేసవితో ఆగిపోకుండా ఏళ్ళ తరబడి నడిచింది, నాకు అదే ముఖ్యం అనిపిస్తుంది.

హోస్ట్: మనసుకి బాగా దగ్గరైంది ఏంటి?

అతిథి: పేర్లు. పోయినవాళ్ళ పేరు కొత్తగా పుట్టిన బిడ్డకి పెడతారు. ఆ పేరుతో పాటు చుట్టరికం కూడా వస్తుంది. ఒక పెద్దావిడ నాలుగేళ్ళ మనవణ్ణి “నాన్నా” అని పిలుస్తుంది, ఎందుకంటే వాడికి ఆవిడ నాన్న పేరే. వాణ్ణి గట్టిగా కోప్పడదు కూడా. నాన్నని కోప్పడతామా?

హోస్ట్: మా అమ్మ నా కూతుర్ని పేరు పెట్టి పిలవదు తెలుసా! వాళ్ళమ్మ పేరు కదా, “అమ్మా” అంటుంది.

అతిథి: అదే చెప్పాను వాళ్ళకి! మా ఇంట్లో నాది నానమ్మ పేరు, అమ్మ అత్తగారి పేరు పలకకూడదని నన్ను “బుజ్జీ” అనే పిలుస్తుంది అన్నాను. అప్పటిదాకా ముభావంగా ఉన్న ఆ పెద్దావిడ, మీ నానమ్మ ఎలాంటి మనిషి, నీలో ఆవిడ గుణాలేం వచ్చాయి అని గంటసేపు అడిగింది. ఆ తర్వాతే వాళ్ళింటికి భోజనానికి పిలిచింది. ఆర్కిటిక్ చార్ చేప, పచ్చిదే, గడ్డకట్టినది సన్నగా కోసి పెట్టారు. నేలమీద అట్ట పరిచి అందరం చుట్టూ కూర్చుని తిన్నాం. నాకు నచ్చింది. పులియబెట్టిన వాల్రస్ మాంసం మాత్రం… దండం పెట్టేశాను.

హోస్ట్: కెనడాలో ఉన్న మన పిల్లలు ఇది విని వెళ్దామనుకుంటే?

అతిథి: ఫోటోల కోసమైతే వద్దు. వెళ్ళేముందు ఆ క్యాంపులో ఊరి కుర్రాళ్ళకి జీతమిచ్చి పని ఇస్తున్నారా అని అడగండి. ఇవ్వకపోతే ఆ క్యాంపు మీద నాకు నమ్మకం లేదు. ఒట్టావాలో ఉన్నవాళ్ళకైతే అంత దూరం అక్కర్లేదు. నునావుట్ సివునిక్సావుట్ అని 1985 నుంచి నడుస్తున్న కాలేజీ ఉంది, నునావుట్ పిల్లలు వచ్చి తమ చరిత్ర, భూమి హక్కుల మీద ఇనుయిట్‌లు కెనడా ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందం చదువుకుంటారు. వాళ్ళు ప్రదర్శనలిస్తే వెళ్ళి చూడండి, మాట్లాడండి.

హోస్ట్: నువ్వు మళ్ళీ వెళ్తావా?

అతిథి: పిలిచారన్నా. ఈసారి క్యాంపు నడిపేది పోయినేడు నాకు సాయం చేసిన అమ్మాయే. నాకు వంటగది డ్యూటీ వేసింది. పులిహోర చేయమంటోంది, చింతపండు ఇక్కణ్ణుంచే మోసుకెళ్ళాలి.