పిల్లలతో మసాయి మారా సఫారీ: ఎప్పుడు వెళ్ళాలి, డ్రైవర్‌కి ఏం చెప్పాలి

నమస్కారమండీ. పిల్లల్నీ, పెద్దవాళ్ళనీ తీసుకుని కెన్యాలోని మసాయి మారా రిజర్వు, అంటే అక్కడి అభయారణ్యం, చూడాలనుకునే వాళ్ళ కోసం ఈ వీడియో.

ముందు ఈ చీతాని చూడండి. కళ్ళ దగ్గర్నుంచి నోటి దాకా నల్లటి చారలున్నాయి కదా, చిరుతపులికి అవి ఉండవు. పక్కన గడ్డిలో దాని పిల్లలు, వీపు మీద బూడిదరంగు జూలుతో. జూమ్ చేసి తీశాం కాబట్టి వీడియో కాస్త ఊగుతోంది. బండి దగ్గరికి పోనివ్వమని మేం అడగలేదు. కారణం చెప్తాను.

మారా చీతాల మీద చేసిన ఒక పరిశోధన 2018లో వచ్చింది. టూరిస్టు బండ్లు బాగా తిరిగే చోట, ఒక్కో ఈతలో పెరిగి పెద్దయిన పిల్లలు సగటున 0.2. బండ్లు తక్కువగా ఉన్న చోట 2.3. ఈ రెండు అంకెలు చదివాక నాకు సఫారీ అంటే ఉన్న ఆలోచనే మారిపోయింది. సింహాలు ఎక్కువగా రాత్రి వేటాడతాయి. చీతా పగలు వేటాడుతుంది, అంటే మనం బండ్లలో తిరిగే సమయంలోనే. చుట్టూ బండ్లు మూగితే వేట చెడుతుంది, తల్లికి తిండి లేకపోతే పిల్లలకి పాలుండవు.

ఒక జంతువు దగ్గర ఐదు బండ్లకు మించి ఆగకూడదని, కనీసం 25 మీటర్ల దూరం ఉండాలని అక్కడ రూల్ ఉంది. కానీ ఎక్కడ ఏం కనిపించినా డ్రైవర్లు రేడియోలో ఒకరికొకరు చెప్పుకుంటారు, నిమిషాల్లో బండ్లన్నీ అక్కడికే వచ్చేస్తాయి. దీనికి డ్రైవర్లని తిట్టి లాభం లేదు. ఎక్కినవాళ్ళు "ఇంకా దగ్గరికి, ఇంకా దగ్గరికి" అంటుంటే, టిప్పు మీద బతికే మనిషి ఏం చేస్తాడు? అందుకే మొదటి రోజు పొద్దున బండి ఎక్కగానే మీరే చెప్పండి: మాకు తొందర లేదు, దూరం నుంచే చూస్తాం, రద్దీ ఉంటే వేరే వైపు తీసుకెళ్ళండి అని. ఈ మాట విని చాలామంది డ్రైవర్లు నిజంగా సంతోషిస్తారు. అన్నట్టు, డబ్బు కాస్త ఎక్కువైనా బండి మీ కుటుంబం కోసమే మాట్లాడుకోండి. షేరింగ్ బండిలో మీ మాట ఒక్కటే చెల్లదు.

ఇక ఎప్పుడు వెళ్ళాలి? లక్షలాది విల్డెబీస్ట్‌లు, అంటే చూడ్డానికి ఆవుల్లా ఉండే పెద్ద జింకలు, టాంజానియాలోని సెరెంగెటి నుంచి మారా నది దాటి వచ్చేది జూలై నుంచి అక్టోబరు మధ్య. మన దసరా సెలవులు దాని చివరికి తగులుతాయి. ఆ నది దాటడం అద్భుతమే, కాదనను. కానీ ఒడ్డున గంటల కొద్దీ ఎదురుచూడాలి, అవి దాటకుండా వెనక్కి తిరిగిపోవచ్చు కూడా. చిన్నపిల్లలతో అది కష్టం. వేసవి సెలవుల్లో ఏప్రిల్, మే అంటే అక్కడ వానాకాలం. నన్నడిగితే సంక్రాంతి సెలవులే మంచివి. జనవరిలో వానలు తక్కువ, బండ్లూ తక్కువ. సింహాలు, ఏనుగులు, జిరాఫీలు ఏడాదంతా అక్కడే ఉంటాయి. 2024లో పెంచిన రేట్ల ప్రకారం పెద్దవాళ్ళకి రోజు టికెట్ జూన్ దాకా 100 డాలర్లు, జూలై నుంచి 200. నలుగురైదుగురు వెళ్తే ఆ తేడా చిన్నది కాదు.

రిజర్వుకి ఆనుకుని కన్జర్వెన్సీలు కూడా ఉన్నాయి. అక్కడ భూమి స్థానిక మసాయి తెగ కుటుంబాలది, క్యాంపులు వాళ్ళకి లీజు కడతాయి. గదులు తక్కువ కాబట్టి బండ్లూ తక్కువే. ఖర్చు ఎక్కువ, కానీ ఆ డబ్బు ఆ పల్లెలకి చేరుతుంది. కొన్ని క్యాంపులు చిన్నపిల్లల్ని తీసుకోవు, వయసు ముందే అడగండి.

పిల్లలు తెల్లారకముందే ఎలా లేస్తారని టెన్షన్ వద్దు. అక్కడ ఆరంటే మనకి ఎనిమిదిన్నర, వాళ్ళంతట వాళ్ళే లేచి కూర్చుంటారు. మారా సముద్రమట్టానికి 1,500 మీటర్లకు పైన ఉంది, పైకప్పు తెరిచిన జీపులో పొద్దున చలి వణికిస్తుంది. స్వెటర్లు, మంకీ క్యాపులు తప్పనిసరి. రోజుకి రెండు డ్రైవ్‌లు పిల్లలకి ఎక్కువ. పొద్దున ఒక్కటి చాలు, సాయంత్రం వాళ్ళకి ఓపికుంటేనే. పెద్ద జంతువుల జాబితా పట్టుకుని తిరగకండి. గేదె వీపు మీద పురుగులు ఏరుకునే పిట్టల్ని పిల్లలు ఎంతసేపైనా చూస్తారు, చూడనివ్వండి.

ప్లాస్టిక్ కవర్లు కెన్యాలో 2017 నుంచి నిషేధం, పచ్చళ్ళూ పొడులూ డబ్బాల్లో సర్దుకోండి. మలేరియా మాత్రల గురించి డాక్టర్ని అడగండి. అన్నిటికంటే ముఖ్యం ఎల్లో ఫీవర్ టీకా. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. ఆ సర్టిఫికెట్ లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. తొమ్మిది నెలల లోపు పిల్లలకి ఈ టీకా వేయరు, అరవై దాటినవాళ్ళకి డాక్టర్ చూసి నిర్ణయించాలి. అమ్మానాన్నల్ని తీసుకెళ్ళేవాళ్ళు ఫ్లైట్ టికెట్లు కొనకముందే ఆ డాక్టర్‌ని కలవండి.