ఫిబ్రవరికల్లా ఆగిపోయే బైబిల్ పఠనం: తేడా ఎక్కడొస్తోంది?

[తెర మీద: పళ్లెంలో వాగ్దాన కార్డులు. ఒక చెయ్యి వచ్చి ఒకటి తీసుకుంటుంది.]

అందరికీ ప్రభువు పేరిట వందనాలు.

డిసెంబర్ 31 రాత్రి ఆరాధన అవుతుంది, కొత్త ఏడాదికి బైబిల్ వచనం రాసి ఉన్న వాగ్దాన కార్డు తీసుకుంటాం, ఆ ఊపులోనే "ఈ ఏడాది బైబిల్ మొత్తం చదివేయాలి" అనుకుంటాం. పొద్దున్నే ఆదికాండం మొదలు. నోవహు, అబ్రాహాము, యోసేపు... కథ దానంతట అదే లాక్కుపోతుంది. ఎర్రసముద్రం దాటేదాకా ఇబ్బంది లేదు. నిర్గమకాండం 25లో మందిరం కొలతలు మొదలవుతాయి. తుమ్మకర్ర మందసం, పొడవు రెండున్నర మూరలు. నెలాఖరుకి లేవీయకాండం. బలుల వివరాలు, ఒంటిమీద మచ్చల పరీక్షలు. అక్కడ ఒకరోజు తప్పుతుంది, ఇంట్లో పెళ్లో జ్వరమో వస్తే నాలుగు రోజులు తప్పుతుంది. ఇక బాకీ పెరిగిపోతుంది.

[తెర మీద: 1189 ÷ 365]

బైబిల్లో 1189 అధ్యాయాలు. ఏడాదిలో ముగించాలంటే రోజుకు మూడు పైచిలుకు. నాలుగు రోజులు తప్పితే 13 అధ్యాయాలు వెనకబడ్డట్టే. అప్పుడు మనం చేసేది ధ్యానం కాదు, బాకీ తీర్చడం. భక్తి తగ్గి ఆగిపోయిందని చాలామంది తమను తాము తిట్టుకుంటారు కానీ, నా ఉద్దేశంలో తేడా లెక్కలోనే ఉంది.

[తెర మీద: స్కాట్లాండ్ పటం, డండీ పట్టణం మీద గుర్తు.]

ఏడాది ప్రణాళికల్లో బాగా పేరున్నది రాబర్ట్ మర్రే మెక్‌చెయిన్ అనే స్కాట్లాండ్ పాస్టరుగారిది. 1842 చివర్లో డండీలోని తన సంఘం కోసం తయారుచేశారు. రోజుకు నాలుగు అధ్యాయాల లెక్కన పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసిసార్లు పూర్తవుతాయి. అప్పటికి ఆయన వయసు 29. మరుసటి మార్చిలోనే చనిపోయారు. నాకు ఆ పట్టిక కన్నా దాంతోపాటు ఆయన రాసిన హెచ్చరికలు ఎక్కువ నచ్చుతాయి. ఇది మొక్కుబడిగా మారొచ్చు, చదివేశాంలే అన్న స్వనీతి రావొచ్చు, పరధ్యానంగా చదివేయొచ్చు, కొందరికి మోయలేని కాడి కావొచ్చు అని ఆయనే చెప్పారు. పట్టిక మన ఫోన్లలోకి వచ్చింది. హెచ్చరికలే వెనకబడిపోయాయి.

అందుకని బైబిల్ మొత్తం చదవడం, అనుదిన ధ్యానం, ఈ రెంటినీ విడదీయండి. మొదటిది ఏడాదిలో అవ్వొచ్చు, మూడేళ్లూ పట్టొచ్చు, ఆదివారం మధ్యాహ్నం తీరిగ్గా కూర్చుని చదవొచ్చు. ధ్యానానికి మాత్రం రోజుకు పది పన్నెండు వచనాలు చాలు. వాటినే రెండు మూడుసార్లు చదవాలి, ఒకసారైనా పైకి చదవాలి. పాత అనువాదంలో భాష బరువుగా అనిపిస్తే తేలిక తెలుగులో ఉన్న బైబిల్ పక్కన పెట్టుకోండి, తప్పేం లేదు.

ఎలాగో ఒకటి చేసి చూద్దాం. మార్కు సువార్త 1వ అధ్యాయం, 29 నుంచి 39.

[తెర మీద: తెరిచిన బైబిలు. వేలు 32వ వచనం దగ్గర ఆగుతుంది.]

కపెర్నహూములో యేసు సీమోను ఇంటికి వెళ్లాడు, సీమోను అత్తకు జ్వరం తగ్గించాడు. సాయంత్రం పొద్దు గుంకాక ఊరంతా వాకిట్లో చేరింది. మొదటిసారి చదివితే ఇంతే. రెండోసారి చదువుతుంటే ఒక ప్రశ్న వస్తుంది. పొద్దు గుంకేదాకా ఎందుకు ఆగారు? కాస్త పైకి, 21వ వచనానికి వెళ్లండి. అది విశ్రాంతి దినం, యూదులు పనులు మానేసే రోజు. సూర్యాస్తమయంతో అది ముగుస్తుంది. అప్పటిదాకా రోగుల్ని మోసుకురాకూడదు. అంటే మంచం పట్టిన మనిషిని పక్కన పెట్టుకుని, పొద్దెప్పుడు వాలుతుందా అని గుమ్మంలో కూర్చున్నవాళ్లు ఎందరు ఉండి ఉంటారో.

ఆ రాత్రి ఆయన ఎప్పుడు పడుకున్నాడో మార్కు రాయలేదు. కానీ "పెందలకడనే లేచి, ఇంకను చాలా చీకటియుండగానే" వెళ్లి ప్రార్థన చేశాడు. ఈ వచనం చూపించి, తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి అని మనకు చాలాసార్లు చెప్పారు. కానీ తర్వాతి మాట చూడండి. సీమోను వెతుక్కుంటూ వచ్చి "అందరు నిన్ను వెదకుచున్నారు" అంటాడు. నిన్న వాకిట్లో నిలబడ్డ ఊరే మళ్లీ వచ్చింది. ఆయన ఏమన్నాడు? పక్క గ్రామాలకు వెళ్దాం పదండి, నేను వచ్చింది అందుకే అన్నాడు. వచ్చిన ప్రతి పిలుపుకీ పరుగెత్తలేదు. ఏది తన పనో తేల్చుకున్నది ఆ చీకట్లోనే అని నాకనిపిస్తుంది.

ఇప్పుడు ప్రార్థన. "అందరినీ దీవించు, కాపాడు" అని రోజూ చేసేదే కాకుండా, చదివిన ఈ మాటల్లోంచే అడగండి: "ప్రభువా, ఇవాళ నన్ను కూడా అందరూ వెదుకుతున్నారు. మేనేజరు, స్కూలు నుంచి మెసేజ్, ఊళ్లో అమ్మ. ఇందులో నేను చేయాల్సింది ఏదో చూపించు." నోట్‌బుక్‌లో ఒక్క వాక్యం రాయండి. ప్రసంగంలా వద్దు, ఎవరికీ చూపించేది కాదు కాబట్టి.

[తెర మీద: గోడ గడియారం. తర్వాత నోట్‌బుక్, పెన్ను.]

టైమ్ గురించి రెండు మాటలు. పొద్దున్నే కుదిరితే మంచిదే. నైట్ షిఫ్ట్ చేసి ఏడింటికి ఇల్లు చేరే అబ్బాయికి, నలుగురికి టిఫిన్ బాక్సులు కట్టే అమ్మకి, కువైట్‌లో ఇంటిపని చేస్తున్న అక్కకి అదే కుదరాలని పట్టుపట్టడం అన్యాయం. దానియేలు రోజుకు మూడుసార్లు మోకరించి ప్రార్థించేవాడు, పొద్దున ఒక్కపూటే కాదు. అందుకని రోజూ ఎలాగూ చేసే పనికి దీన్ని జోడించండి: టీ తాగగానే, పిల్లలు బడికెళ్లగానే, బస్సెక్కగానే. వీలైతే పుస్తకం వాడండి. ఫోన్ తెరిస్తే వాక్యం కన్నా ముందు వాట్సాప్ పలకరిస్తుంది.

ఆ వాట్సాప్‌లో వచ్చే రోజువారీ వాక్యం సంగతి కూడా చెప్పాలి. యిర్మీయా 29:11 ఎన్ని స్టేటస్‌లలో చూసి ఉంటారో! మీ గురించి నావి సమాధానకరమైన ఉద్దేశాలు అని దేవుడు చెప్పే మాట, మంచిదే. కానీ దాని ముందు వచనంలో 70 ఏళ్లు గడిచాకే అని ఉంది. బబులోనులో చెరలో ఉన్నవాళ్లకు రాసిన ఉత్తరం అది. విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి ఇల్లు చూడలేదు. ఆ సంగతి తెలిశాక వాగ్దానం చిన్నదైపోదు, బరువెక్కుతుంది.

ఏమీ అనిపించని రోజులుంటాయి. అప్పుడు 13వ కీర్తన తెరవండి, ఆరే వచనాలు. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని దావీదే అడిగాడు, మీరూ అడగొచ్చు. తప్పిపోయిన రోజుల్ని మాత్రం లెక్కపెట్టకండి. అరణ్యంలో ఇశ్రాయేలీయులు దేవుడిచ్చిన ఆహారం మన్నాను ఏ రోజుది ఆ రోజే ఏరుకున్నారు, దాచిపెట్టింది పురుగుపట్టింది. నిన్నటి భాగం వదిలేసి ఇవాళ్టిది చదవండి.

[తెర మీద: మార్కు 2:1–12]

రేపటికి ఈ భాగం. పక్షవాయువు మనిషిని నలుగురు మోసుకొచ్చి, పైకప్పు విప్పి దించుతారు. రెండోసారి చదివేటప్పుడు ఆ ఇంటివాళ్లు ఏమనుకుని ఉంటారో ఆలోచించండి. మీకు తోచింది ఒక్క వాక్యం రాసి పెట్టుకోండి. వచ్చే వీడియోలో అక్కడి నుంచే మొదలుపెడదాం.