చీకట్లో బొటనవేలికి దొరికే స్విచ్చి

శ్రోతలకు నమస్కారం.

మా నాన్నగారి దగ్గర మూడు బ్యాటరీల టార్చి ఒకటి ఉండేది. స్టీలు గొట్టం, వెనక రింగు. తలుపు పక్కన మేకుకు వేలాడేది. రాత్రిపూట మోటారు వేయడానికి పొలం వెళ్తే ఒక చేతిలో అది, ఇంకో చేతిలో కర్ర. మొన్న ఆయనకి జేబులో పట్టే చిన్న టార్చి కొనిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, "దీంతో కుక్కని కూడా బెదిరించలేంరా" అన్నారు. వెలిగించాక మాత్రం ఇంకేం అనలేదు.

ఫోన్లో లైటుందిగా, మళ్లీ ఇదెందుకు అంటారు. ఫోను లైటు తాళం కన్నం వెతకడానికి సరిపోతుంది. నాలుగడుగులు దాటితే పలచబడిపోతుంది. పైగా ఆపదలో 112కి చేయాల్సింది ఆ ఫోన్లోంచే. దాని ఛార్జింగు లైటుకి ఖర్చు పెట్టేస్తే ఎలా?

షాపుకి వెళ్తే ముందు చెప్పేది ల్యూమెన్ల లెక్క. టార్చి నుంచి వచ్చే మొత్తం వెలుగుకి అది కొలత, అంతే. ఆ వెలుగు ఎంత దూరం పోతుందో అది చెప్పదు. అదే వెలుగుని పరిస్తే వాకిలంతా కనిపిస్తుంది, సన్నగా కూరిస్తే గట్టు అవతలి చెట్టు కనిపిస్తుంది. మంచి కంపెనీలు డబ్బా మీద ఎఫ్ఎల్1 అనే ప్రమాణం ప్రకారం దూరం కూడా వేస్తాయి. అందులో ఓ తిరకాసుంది. 100 మీటర్లు అని రాస్తే, అంత దూరాన పడేది పావు లక్స్ వెలుగు, అంటే దాదాపు పున్నమి వెన్నెలంత. మనిషి ముఖం పోల్చుకోవాలంటే అందులో సగం దూరమే అనుకోండి. ఇంకోటి, ఈ చిన్న టార్చీలు పూర్తి వెలుగులో కొద్ది నిమిషాలకే వేడెక్కి, వాటంతటవే తగ్గిపోతాయి. 1,000 ల్యూమెన్లకి మురిసిపోనక్కర్లేదు. రోజువారీ నడకకి 200, 300 చాలు.

అసలు భయం దొంగల కంటే పాములదే. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని అంచనా. కట్లపాము తిరిగేది రాత్రే. కాబట్టి పాదం ముందు నేలని వెడల్పుగా చూపించే టార్చి కావాలి, ఆకాశంలోకి గీత గీసేది కాదు.

ఆత్మరక్షణ టార్చి అని అమ్మేవాళ్లున్నారు. ఎదుటివాడి కళ్లలో కొడితే ఒకట్రెండు క్షణాలు తడబడతాడేమో. ఆ కాస్త వ్యవధి పరుగెత్తడానికే, పోట్లాటకి కాదు. వెలిగి ఆరే స్ట్రోబ్ మీద నాకు నమ్మకం తక్కువ. చవక టార్చీల్లో అయితే నొక్కిన ప్రతిసారీ ఎక్కువ, తక్కువ, స్ట్రోబ్ అన్నీ దాటుకుంటూ రావాలి. టెన్షన్‌లో అది నరకం. వెనక గుండీ ఒక్కసారి నొక్కితే నేరుగా వెలిగేది తీసుకోండి. షాపులోనే కళ్లు మూసుకుని జేబులోంచి తీసి నొక్కి చూడండి. బొటనవేలు స్విచ్చిని వెతుక్కుంటే అది మీ టార్చి కాదు.

బ్యాటరీ సంగతి. ఊళ్లో ఉండేవాళ్లకి కిరాణా కొట్టులో దొరికే పెన్సిల్ బ్యాటరీ వేసేది సుఖం. రోజూ వాడేవాళ్లకి టైప్ సి ఛార్జింగుది నయం. విడిగా ఉన్న లిథియం సెల్లుని మాత్రం తాళాలతో కలిపి జేబులో వేయకండి, షార్టయి కాలుతుంది. టార్చి నీళ్లని ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు ఐపీఎక్స్. వానలో వాడాలంటే ఐపీఎక్స్ 4 సరిపోతుంది. నీళ్లలో పడినా బతకాలంటే ఐపీఎక్స్ 7 చూడండి. అది మీటరు లోతులో అరగంట తట్టుకోవాలి.

నాన్నగారి పాత టార్చి ఇంకా ఆ మేకుకే ఉంది. మొన్న మూత తిప్పితే లోపల బ్యాటరీలు కారి, స్ప్రింగు తుప్పు పట్టింది. మీ ఇంట్లోనూ అలాంటిది వేలాడుతుంటే, ఈ ప్రసంగం అయ్యాక ఒకసారి మూత తీసి చూడండి.