మానసిక జబ్బులు: భారం ఎంత, పరిశోధన ఎంత?

శ్రోతలందరికీ నమస్కారం.

గుండెపోటుతో మనిషి పోతే ఆ మరణం గుండెజబ్బుల పద్దులో పడుతుంది. ఏళ్ల తరబడి డిప్రెషన్‌తో నలిగిన మనిషి చివరికి పురుగుల మందు తాగితే? ప్రపంచ వ్యాధి భారం లెక్కల్లో ఆ మరణం డిప్రెషన్ కింద రాదు. గాయాలు, ప్రమాదాల వైపు, స్వీయహాని అన్న చోట రాస్తారు. కాగితం మీద చూస్తే మానసిక జబ్బులు దాదాపు ఎవరినీ చంపవు.

1990ల దాకా ఏ జబ్బు పెద్దదో చావులను బట్టే తేల్చేవారు. క్రిస్టఫర్ ముర్రే, అలన్ లోపెజ్ అనే పరిశోధకులు జబ్బుతో ఈడ్చుకుంటూ బతికిన ఏళ్లను కూడా కలిపి లెక్కకట్టారు. అప్పటిదాకా ఎక్కడో అడుగున ఉన్న డిప్రెషన్ పై వరుసలోకి వచ్చేసింది. అదే పద్ధతిలో మన దేశాన్ని చూస్తే, 2017లో దాదాపు 19.7 కోట్ల మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. అంటే ప్రతి ఏడుగురిలో ఒకరు. డిప్రెషన్ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో తమిళనాడు, కేరళతో పాటు మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి.

మరి దీని మీద పరిశోధన? 2015 నుంచి 2019 వరకు ప్రపంచమంతా కలిపి మానసిక ఆరోగ్య పరిశోధనకు పెట్టింది ఏడాదికి సుమారు 370 కోట్ల డాలర్లు. తలకు అర డాలరు. అందులో పేద, మధ్యాదాయ దేశాలకు దక్కింది వందకు రెండున్నర కూడా లేదు. జనంలో ఎక్కువమంది ఉన్నది ఈ దేశాల్లోనే. పైగా మొత్తం సొమ్ములో సగానికి మించి మెదడు, జన్యువుల వంటి మౌలిక పరిశోధనకే పోతోంది. అది అవసరమే, కాదనను. కానీ ఇవాళ ఏజెన్సీ గ్రామంలో నిద్రపట్టక, అన్నం సహించక, పొలానికి పోలేక కూర్చున్న మనిషికి వైద్యం ఎలా చేరుతుందన్న ప్రశ్నకు జవాబు ప్రయోగశాలలో దొరకదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం ఇంకొకటుంది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. డిప్రెషన్ ఉన్న వందమందిలో 85 మందికి చికిత్సే అందడం లేదని తేల్చిన సర్వే అది. పన్నెండు రాష్ట్రాల్లో ఇంటింటికీ తిరిగారు. ఆ పన్నెండింటిలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణా లేదు.

అయితే మన దగ్గర పరిశోధన జరిగితే ఎంత తేడా వస్తుందో పశ్చిమ గోదావరి చూపించింది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ వాళ్లు అక్కడి ముప్పై గిరిజన గ్రామాల్లో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్ ఇచ్చి, డిప్రెషన్, టెన్షన్, ఆత్మహత్య ఆలోచనలు ఉన్నవాళ్లను గుర్తించడం నేర్పారు. ఆ కార్యకర్తలే వాళ్లను పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి పంపేవారు. మళ్లీ ఇంటికి వెళ్లి మందులు వాడుతున్నారా అని అడిగేవారు. ఇది పిచ్చి కాదు, నయమయ్యే జబ్బేనని ఊళ్లో ప్రచారమూ చేశారు. అంతకుముందు అవసరమైన వందమందిలో ఒక్కరు కూడా వైద్యానికి వెళ్లేవారు కాదు. తర్వాత పన్నెండు మందికి పైగా వెళ్లారు. ఇంకా 87 మంది మిగిలారు, నిజమే. కానీ కొత్త ఆసుపత్రి కట్టకుండా, ఊరికి సైకియాట్రిస్టును తేకుండా ఇది సాధ్యమైంది.

ఇలాంటి పరిశోధనలు మనకింకా ఎన్నో కావాలి. తాగుడు మాన్పించడానికి పీహెచ్‌సీ స్థాయిలో ఏది పనిచేస్తుంది? పిల్లలు అమెరికాలో ఉండి, ఒంటరిగా మిగిలిన తల్లిదండ్రుల దిగులును ఎవరు, ఎలా పసిగట్టాలి? ఇంటర్ హాస్టళ్లలో వార్డెన్‌కు ఏం నేర్పితే ఒక ప్రాణం నిలుస్తుంది?

మనసు బాగోలేనివాళ్ల కోసం 2022 అక్టోబరులో ప్రభుత్వం మొదలుపెట్టిన ఫోన్ సహాయ కేంద్రం టెలి మానస్‌తో తెలుగులో కూడా మాట్లాడవచ్చు. డబ్బులు కట్టక్కర్లేదు. అలా ఫోన్ చేసినవాళ్లను ఆర్నెల్ల తర్వాత పలకరించి, ఎలా ఉన్నారో, ఏది ఊరటనిచ్చిందో శ్రద్ధగా నమోదు చేస్తే అదీ గొప్ప పరిశోధనే అవుతుంది. ఈ మాటలు వింటున్నవాళ్లలో ఎవరికైనా మనసు భారంగా ఉంటే ఆ నంబరు రాసుకోండి: 14416. మరోసారి చెబుతున్నాను, 1 4 4 1 6.