ఒక్క పాయింటే కదండీ?

తోటి అధ్యాపకులకు, ముందు వరుసల్లో కూర్చున్న విద్యార్థులకు నమస్కారం.

శ్రీకాకుళం డిగ్రీ కాలేజీల్లో లెక్కల గురించి మాట్లాడుకున్నప్పుడల్లా మన ధ్యాస బీఎస్సీ పిల్లల మీదే ఉంటుంది. బీఏ, బీకాం వాళ్లకి అదే సిలబస్‌ని నీళ్ల మజ్జిగలా పలచన చేసి పోస్తున్నాం. అది వాళ్ల దాహం తీర్చదు.

కొన్నేళ్ల కిందట కవిటి వైపు నుంచి వచ్చిన బీఏ కుర్రాడొకడు క్లాసు అయ్యాక ఆగాడు. చేతిలో నాలుగు మడతలు పెట్టిన ల్యాబ్ రిపోర్టు, కిడ్నీలు వడపోయాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో ఎంతుందో చెప్పేది. కిడ్నీ జబ్బులు పీడించే ఉద్దానం ఇళ్లలో ఆ కాగితం ఎంత మామూలో మీకు చెప్పక్కర్లేదు. “మేస్టారూ, మా నాన్నకి క్రియాటినిన్ పోయినేడు 1 ఉండేదండి. ఇప్పుడు 2 అన్నారు. ఒక్క పాయింటే కదండీ పెరిగింది?”

వాడు హైస్కూల్లో విలోమానుపాతం చదివినవాడే. పనివాళ్లు పెరిగితే రోజులు తగ్గే లెక్కలు బోలెడు చేశాడు. ఆ లెక్కే తన చేతిలోని కాగితంలో ఉందని మాత్రం ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ బాధ నాకింకా ఉంది.

కాగితం వెనక్కి తిప్పి గీత గీశాను. అడ్డంగా క్రియాటినిన్, నిలువుగా కిడ్నీలు వడపోసే శక్తి. 1 దగ్గర శక్తి 100 అనుకుంటే 2 దగ్గర 50, 4 దగ్గర 25, 5 దగ్గర 20. డాక్టర్లు వయసు, ఆడా మగా కూడా చూసి ఇంతకంటే కచ్చితమైన సూత్రంతో కడతారు. గీత వంపు మాత్రం దాదాపు ఇదే. మొదట్లో నిటారుగా జారి, పోనుపోను పడుకుంటుంది. 1 నుంచి 2కి వచ్చేసరికి 50 పోయింది, 4 నుంచి 5కి పోయేది 5. పెరిగింది రెండుచోట్లా ఒక్క పాయింటే.

వాడు ఆ వంపు మీద వేలు పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అయితే ఒకటిన్నర దాటకముందే చూపించుకోవాలండి. మా అన్నయ్యని రేపే తీసుకెళ్తాను” అన్నాడు.

కోర్సు ఇలాంటి ప్రశ్న దగ్గర మొదలవ్వాలి. సూత్రం తర్వాత రావాలి. సులువు చేయమని నేననడం లేదు, ఆ వంపు సులువైనదేం కాదు.

అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడి సంగతే చూడండి. మార్చి 10, అక్టోబరు 2 ప్రాంతాల్లో పొద్దున్నే సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకుతాయి. రెండుసార్లే ఎందుకని బీకాం క్లాసులో అడిగి, క్యాలెండరు చేతికిచ్చి, సూర్యుడు దక్షిణానికి చివరంటా వెళ్లే డిసెంబరు 21 నుంచి రోజులు లెక్కపెట్టమన్నాను. వెనక్కి అక్టోబరు 2కి 80, ముందుకి మార్చి 10కి 79. దక్షిణానికి దిగుతూ ఒకసారి, ఉత్తరానికి మళ్లి ఒకసారి సూర్యుడు అదే చోట ఉదయిస్తాడని వాళ్లే పట్టుకున్నారు.

ఇక పరీక్ష. సూత్రం ప్రశ్నపత్రంలోనే ఇచ్చేయండి, క్యాలిక్యులేటరు ఉండనివ్వండి. వచ్చిన జవాబుకి అర్థమేమిటో తెలుగులో నాలుగు వాక్యాలు రాయమనండి. దిద్దడం కష్టమే. ఆ కష్టం మనం పడాలి. ఈ క్లాసుల్ని కొత్తగా చేరినవాళ్ల నెత్తిన పెట్టే అలవాటు కూడా మానాలి. లెక్కలంటే దడ ఉన్న పిల్లలకి అందరికంటే అనుభవమున్న మాస్టారు కావాలి.

అక్టోబరు 2 ఎలాగూ సెలవే. మా పిల్లలు ఆ రోజు మధ్యాహ్నం మీటరు కర్ర పాతి, అన్నిటికంటే పొట్టి నీడ ఎంతుందో కొలుస్తారు. మార్చి 10న మళ్లీ కొలిచి రెండూ పోల్చి చూస్తారు. మీ కాలేజీల నుంచి వచ్చేవాళ్లు ఒక టేపు, ఒక నోటుపుస్తకం తెచ్చుకోండి.